రెండు వందల పద్నాలుగు చోట్ల లస్మయ్య

లస్మయ్య దేన్నీ నమ్మడు. దేవుణ్ణి కూడా, పూజారి గుడి తలుపు తీశాక లోపల విగ్రహం ఉందో లేదో తొంగి చూసుకున్న తర్వాతే నమ్ముతాడు. కేబులన్నాక రెండు కొసలుంటాయి, రెండూ కళ్లతో చూడనిదే అది కేబులు కాదు, ఉత్త మాట అన్నది అతని సిద్ధాంతం. సూరత్ పాండేసరా మిల్లుల్లో ముప్పై నాలుగేళ్లు కరెంటు పని చేసి రిటైరైన మనిషి, ఆ సిద్ధాంతాన్ని కేబుళ్ల దగ్గర ఆపకుండా కూరగాయలకు, చుట్టాలకు, వార్తలకు, చివరికి కరోనాకు కూడా వర్తింపజేశాడు.

సూరత్‌లోనే బమ్రోలిలో వాళ్ల గల్లీలోకి జ్వరం చూసే తుపాకీ పట్టుకొని ఓ నర్సు వచ్చింది. లస్మయ్య రెండు మాస్కుల వెనకనుంచి ఆమెను ఎగాదిగా చూశాడు. ఒక మాస్కు మీద నమ్మకం లేక రెండోది పెట్టుకున్నాడు.

"పహలే ఆప్‌కా దేఖో" అన్నాడు.

ఆమె నవ్వుకుంటూ తన నుదుటికే పెట్టుకుంది. తొంభై ఏడు.

"అబ్ దీవార్‌కా."

గోడకు తొంభై నాలుగు వచ్చింది.

"దీవార్‌కో భీ జాన్ హై బోల్‌తా తుమ్హారా బందూక్. లే జావ్!" అని, గోడకూ ప్రాణముందనే ఆ తుపాకీ మొహానే తలుపు వేసుకున్నాడు.

పక్కింటి గుజరాతీ ఆయన మేడమీదనుంచి "కేమ్ ఛో, కాకా?" అని క్షేమం అడిగినా అనుమానమే. "ఇన్నేండ్లల్ల ఒక్కపారి అడిగిండా? ఇప్పుడెందుకు అడుగుతున్నడు? మన ఇంట్ల దగ్గు ఇనవడ్డదేమో కనుక్కుందామని!" అని భార్య నర్సవ్వకు గుట్టుగా చెప్పాడు.

"నీకు దగ్గు లేదు, బుద్ధీ లేదు" అంది నర్సవ్వ.

అలాంటి ఇంట్లో కోడలు లతకు, పడగ్గది మూలన, కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకొని ఆఫీసు నడపవలసిన కర్మ పట్టింది. లత అదే ఊళ్లో లింబాయత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, డిప్లొమా చదివింది. ఓ డిజైన్ కంపెనీలో, ఇంకా కట్టని భవనాలను కంప్యూటర్లో ముందే కట్టి, వాటిలో కరెంటు కేబుళ్లు ఎటునుంచి ఎటు పోవాలో గీయడం ఆమె పని. కేబుళ్లు పడుకొని పోవడానికి పైకప్పు కింద వేలాడే చిల్లుల రేకు పట్టీలుంటాయి కదా, ఆ కేబుల్ ట్రేలను గాలి గొట్టాలకూ నీళ్ల పైపులకూ తగలకుండా నడిపించాలి. ఎక్కడైనా తగిలితే "ఇక్కడ ఇది దీనికి గుద్దుకుంది" అని కంప్యూటరు పేరుపేరునా చాడీ చెబుతుంది.

అది రెండువేల ఇరవై జులై. లత భర్త రఘుపతి పనిచేసే మగ్గాల కార్ఖానా మార్చిలో మూతపడింది, మళ్లీ తెరవలేదు. ఇంటికంతటికీ లత జీతమే దిక్కు. ఆమె పైఅధికారి రామమోహనరావుగారు గోదావరి జిల్లా మనిషి, చాలా మర్యాదస్థుడు. ఆ మర్యాదతోనే చెప్పారు: "ఏడంతస్తుల ఆసుపత్రమ్మా. ఎనిమిది రోజుల్లో ఒక్క గుద్దుడు కూడా లేకుండా మోడల్ అప్పగించాలి. లేకపోతే ఈసారి ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ల లిస్టులో మీ పేరు ఆపడం నా చేతిలో లేదండీ."

మొదటి రోజునుంచే లస్మయ్య ఆమె వెనక ప్లాస్టిక్ స్టూలు వేసుకున్నాడు.

"ఏందది?"

"కేబుల్ ట్రే, మామా."

"ఏడున్నది?"

"మూడో అంతస్తుల."

"బిల్డింగేడున్నది?"

"ఇంకా కట్టలే."

లస్మయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "కట్టని బిల్డింగుల, లేని ట్రే మీద, రాని కేబులు. జీతం మాత్రం వస్తదంటున్నవు."

"వస్తది మామా."

"అవతలి కొస సూడాలె బిడ్డా, అవతలి కొస."

ఆ తర్వాత ఆయన ఘనకార్యాల చిట్టా మొదలవుతుంది. లతకు అది కంఠతా వచ్చు. "నేను సదివింది ఏడు. కోరుట్ల దిక్కు మా ఊరి బడిల, నేల మీద కూసోని. ఏడు సదివి పదకొండు మిల్లులకు కేబులు గుంజిన. సచిన్ ఊరి మిల్లుల నూట అరవై మీటర్లు నడుమ ఒక్క జోడు లేకుంట గుంజితే షేఠు గడియారం ఇచ్చిండు." ఆ గడియారం మాట నిజమే. అది సరిగా నడుస్తుందో లేదోనని ఆయన ఇంకోటి కొన్నాడన్నదీ నిజమే. అందుకే రెండు చేతులకూ గడియారాలు. రెంటికీ నాలుగు నిమిషాల తేడా. ఏది తప్పో ఇరవై ఏళ్లుగా దర్యాప్తు సాగుతూనే ఉంది.

రోజూ మధ్యాహ్నం మాత్రం ఆయన లతను వదిలి ఇంకో మనిషి వెంట పడేవాడు. లింబాయత్‌లో ఒంటరిగా ఉండే బక్కయ్య, మిల్లుల్లో తనతో కలిసి కేబుళ్లు లాగిన పాత జోడీదారు. ఓ డబ్బా సంచీలో వేసుకొని, "జర చెక్ జేసొస్త" అని సైకిలెక్కి వెళ్లేవాడు. వచ్చి చెమటైనా తుడుచుకోకుండా వీడియో ఫోను కలిపేవాడు.

"తిన్నవా?"

"తిన్న."

"పిలేటు సూపెట్టు."

"కడిగిన."

"కడిగితే తడుండాలె గద? పొడిగున్నది! అబద్ధం!"

పాపం ముసలాయన అన్నం తిన్నా సాక్ష్యం చూపించాలా అని లత జాలిపడేది.

ఆరోరోజున లెక్క తేలింది. మోడల్ మొత్తానికి గుద్దుళ్లు సున్నా. లత కుర్చీలోనే చిన్నగా ఎగిరింది. "మామా, జీరో! నౌకరి పక్కా!"

లస్మయ్య తెరమీద వేలు పెట్టాడు. "ఈ ట్రేకు, పైన గాలి గొట్టానికి నడుమ ఎంతున్నది?"

"నాలుగు వేళ్ల సందు."

"మరి చెయ్యి ఏడికెల్లి పెట్టాలె?"

"ఎవరి చెయ్యి?"

"కేబులు గుంజెటోనిది!"

"మామా, కంప్యూటరే సున్నా అన్నది. నువ్వెందుకు..."

"కంపూటర్ ఎన్నడన్న కేబులు గుంజిందా? అటు రా."

ఇనప బీరువాకూ గోడకూ మధ్య అంతే సందుంది. మంచం కిందనుంచి, తన కష్టానికి గుర్తుగా దాచుకున్న బొటనవేలంత లావు కేబులు ముక్కను తీసి, లస్మయ్య ఆ సందులో దూర్చాడు. "గుంజు."

మామ నోరు మూయించడానికి ఇదొక్కటే దారనుకొని లత చెయ్యి పెట్టింది. మోచేయి దాకా వెళ్లింది. కేబులు పట్టుకుంది. ఇక చెయ్యి ముందుకూ రాదు, వెనక్కీ రాదు.

సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ మోగింది.

"మామా, ఎత్తకు!"

లస్మయ్య ఎత్తాడు. తెరమీద రామమోహనరావుగారు, ఆయన వెనక అద్దాల బీరువాల నిండా పుస్తకాలు.

"లతగా... ఎవరండీ మీరు?"

"మీరెవరు? ఆ పుస్తకాలు నిజమైనయేనా? మీరు కదిలితే మీ చెవి మాయమైతున్నది సారూ!"

రామమోహనరావుగారు కంగారుగా చెవి తడుముకున్నారు. "అది... వెనకాల బొమ్మండీ. లతగారు ఎక్కడండీ?"

"మీ మూడో అంతస్తుల ఇరుక్కున్నది."

లస్మయ్య లాప్‌టాప్ ఎత్తి బీరువావైపు తిప్పాడు. లత గోడకు ముఖం దాచుకుంది. ఇన్ని నెలలు కాపాడుకున్న ఉద్యోగం తన చేతిలాగే సందులో చిక్కుకుందని ఆమెకు అర్థమైపోయింది.

"సారూ, నేను పదకొండు మిల్లులు గుంజిన" అన్నాడు లస్మయ్య. "మీ మోడల్‌ల గోడున్నది, గొట్టమున్నది, రేకున్నది. గుంజెటోడు ఏడి? మా కోడలిది గీ సన్నటి చెయ్యే పట్టలే. మా అసొంటోల్ల చెయ్యి ఎట్ల పడ్తది? ముందు మీ చెయ్యి సూపెట్టుండ్రి."

రామమోహనరావుగారు, ఎందుకో తెలీదు, చెయ్యి చూపించారు.

"గిది గుంజిన చెయ్యి గాదు."

"కాదండీ" అని ఒప్పుకున్నారాయన. తన చేతివంకా, మోడల్‌లో ఆ సందువంకా మార్చి మార్చి చూశారు. చివరికి, "ఆసుపత్రి కట్టేటప్పుడు ఇది బయటపడుంటే ట్రేలన్నీ ఊడదీయాల్సొచ్చేదండీ. లతగారూ, మిగిలిన రెండు రోజుల్లో మార్చగలరా?" అన్నారు.

"చెయ్యి బైటికొస్తె చేస్త సార్!" అంది బీరువా వెనకనుంచి లత.

కొబ్బరినూనెతో నర్సవ్వ ఆమెను విడిపించింది. లత వెంటనే మామగారి భుజంనుంచి మోచేతిదాకా, మోచేతినుంచి వేళ్లదాకా టేపు పెట్టి కొలిచింది. ఆయన ఆ టేపును నమ్మక నర్సవ్వ బట్టలు కుట్టే టేపుతో మళ్లీ కొలిపించాడు. ఆ కొలతకు కంప్యూటర్లో గాజులాంటి పెట్టె ఒకటి చేసి, దానికి లస్మయ్య అని పేరు పెట్టి, ప్రతి ట్రే మీదా ఆ పెట్టెను నడిపించింది. మళ్లీ లెక్క తీసింది. సున్నా కాస్తా రెండు వందల పద్నాలుగైంది.

లస్మయ్య కళ్లజోడు పెట్టుకొని జాబితా చదివాడు. 'మూడో అంతస్తు: గాలి గొట్టానికి లస్మయ్య గుద్దుకున్నాడు. నాలుగో అంతస్తు: నీళ్ల పైపుకు లస్మయ్య గుద్దుకున్నాడు. ఆరో అంతస్తు: లస్మయ్య, దూలం.'

"నేను గుద్దుకునుడేంది? వాళ్లే నన్ను గుద్దిండ్రు. మార్చి రాయి."

రెండు రోజులు లత గొట్టాలను పక్కకు జరిపింది, ట్రేలను కిందికి దించింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి ఒక్క లస్మయ్య కూడా దేనికీ తగలడం లేదు. మోడల్ పంపేసింది. గంటలోపే రామమోహనరావుగారి జవాబు వచ్చింది: 'ఇకమీదట మన కంపెనీలో లస్మయ్యగారిని దాటకుండా ఏ మోడలూ బయటికి పోదు. మీ పేరు లిస్టులో లేదు.'

లత ఆ మాట మామకు చెబుదామని లేచింది. ఆయన స్నానానికి వెళ్లాడు. బల్లమీద ఆయన ఫోను మోగుతోంది. ఎత్తగానే తెరనిండా ఒక స్టీలు ప్లేటు. దాన్ని పట్టుకున్న చేతికి మూడే వేళ్లు.

"తిన్ననయ్యా, తిన్న! తడి గూడ ఉన్నది, సూడు!"

"కాకా, నేను లతను."

ప్లేటు పక్కకు జరిగి బక్కయ్య ముఖం కనిపించింది. "నువ్వా బిడ్డా! మీ మామకు చెప్పు, నా కడుపు పగులుతదని. మూన్నెల్ల సంది రోజు డబ్బా తెస్తడు. ఎదురుంగ కూసోని తినిపిస్తడు. ఇంటికి పోయి మల్ల ఫోన్ జేసి పిలేటడుగుతడు!"

లత కళ్లు ఆ వేళ్లమీదే ఉన్నాయి. బక్కయ్య గమనించాడు.

"ఇదా? ఇరవయ్యారేండ్లాయె. ట్రేకు, కప్పుకు నడుమ నా చెయ్యి ఇరికింది. అవతలి కొసకు మీ మామ. మొత్తుకున్న, మిషన్ల చప్పుడుల ఆయనకు ఇనవడలే, గుంజిండు. అప్పటి సంది నేను మంచిగున్ననంటే ఆ మనిషి నమ్మడు. రెండు వేళ్లు పోతే బీడి పట్టుకునుడు రాక మానేసిన, పానం మంచిగైంది. ఆ ముచ్చటా నమ్మడు!"

లస్మయ్య తల తుడుచుకుంటూ వచ్చేసరికి లత ఫోను బల్లమీద పెట్టేసి, కంప్యూటరు ముందు కూర్చొని ఏదో గీస్తోంది. ఉద్యోగం నిలిచిందని చెప్పింది. ఆయన సంతోషపడలేదు, అనుమానపడ్డాడు.

"నన్ను అండ్ల పెట్టిండ్రు, సరె. ఒక్క మనిషి కేబులు గుంజుతడా? అవతలి కొసకు ఎవడున్నడు?"

"పెడుతున్న మామా. బక్కయ్య."

లస్మయ్య తుడుచుకోవడం ఆపాడు. విప్పి పెట్టిన గడియారాలు రెండూ చేతులకు పెట్టుకొని, ఎడమది చూశాడు, కుడిది చూశాడు. స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"వాని చేతికి ఎన్ని వేళ్లు పెట్టినవ్?"

"ఐదు, మామా."

లస్మయ్య కళ్లజోడు తగిలించుకున్నాడు.

"సూపెట్టు."

పెట్టెకు వేళ్లెక్కడుంటాయి? అందుకే లత ఈసారి పెట్టె గీయలేదు, చెయ్యే గీసింది. తెర తిప్పింది. లస్మయ్య ఒక్కో వేలిమీదా తన వేలు ఆనించి లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక బొటనవేలినుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

"సరె" అన్నాడు. "ఇగ గుంజొచ్చు."