ఓడెక్కిన గంజి వాసన

అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజున నేను చేసిన మొదటి పని పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం. కొత్త కోడలు సిగ్గుపడుతోందని పేరంటానికి వచ్చినవాళ్ళు మురిసిపోయారు. సిగ్గూ లేదు, చట్టుబండలూ లేవు. ఆ ఇంటి వాసనకు నాకు కడుపులో తిప్పింది.

మాది బెజవాడ. కాలవ ఒడ్డున మా నాన్నకు చిన్న బట్టల కొట్టు ఉండేది. మిల్లు గుడ్డ మడత విప్పితే వచ్చే వాసన ఒక్కటే నాకు తెలిసిన బట్టల వాసన. అత్తవారిది మంగళగిరి. ఊరంతా చీరలు నేస్తుంటే ఈ ఇంట్లో మాత్రం రుమాళ్ళు నేసేవాళ్ళు. మా మామగారి తండ్రి చీరాల నుంచి వస్తూ తెచ్చుకున్న పని అది. రుమాళ్ళంటే మూతి తుడుచుకునేవి కావు. ఎరుపూ నీలమూ కలిసిన పెద్ద పెద్ద గళ్ళ తానులు. అంత కొట్టొచ్చినట్టుండే గళ్ళు మన వైపు ఎవరూ కట్టరు. బెజవాడ షావుకారు ఒకాయన వాటిని కొని గూడ్సు బండిలో మద్రాసు రేవుకు పంపితే, అక్కడ ఓడెక్కి పడమటి ఆఫ్రికా తీరానికి వెళ్ళేవి. ఆ తీరం ఎటు ఉందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా మా మామగారు ఆ జనం గురించి మాట్లాడుతుంటే పక్క పేటలో ఉన్న వియ్యాలవారి గురించి చెబుతున్నట్టే ఉండేది. "వాళ్ళకి సన్న గళ్ళు ఆనవమ్మా," అనేవారు. "ఎరుపు కాస్త తగ్గితే మనమీద అలుగుతారు," అనేవారు.

ఇక వాసన సంగతి. ఎరుపు పట్టాలంటే నూలుకు ముందు నువ్వుల నూనె, బూడిద నీళ్ళు పట్టించి ఎండబెట్టాలి. మళ్ళీ పట్టించాలి, మళ్ళీ ఎండబెట్టాలి. నీలిమందు కుండ దొడ్లో భూమిలో పాతి ఉండేది. అది పులుస్తూ పొంగుతూ దానిమానాన అది బతుకుతుండేది. నేత అయ్యాక తానుకు పులిసిన బియ్యపు గంజి పట్టించేవాళ్ళు. ఇవన్నీ కలిసి ఒక ఘాటు వాసన తయారయ్యేది. అది వాకిట్లో ఎదురొచ్చి పలకరించేది. అన్నంలో ఉండేది, జడలో ఉండేది. మా వీధివాళ్ళు ఎవరికైనా మా ఇంటి గుర్తు చెప్పాలంటే "కంపు వచ్చేదాకా నడవండి" అనేవాళ్ళు. మా ఆయన కూడా అదేదో పెద్ద బిరుదయినట్టు నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒక పండక్కి మా ఇంటికొచ్చి షావుకారు చెప్పిన మాట విన్నాకే ఆ కంపు విలువ నాకు తెలిసింది. ఆ దేశంలో ఈ గుడ్డలు అమ్మేదీ కొనేదీ ఎక్కువగా ఆడవాళ్ళేనట. పుట్టిన బిడ్డను పడుకోబెట్టడానికి ఈ గుడ్డే, పోయిన పెద్దల పక్కన పరచడానికీ ఈ గుడ్డేనట. మధ్యలో సీమ మిల్లులవాళ్ళు, అంటే ఇంగ్లండు వాళ్ళు, మన గళ్ళను అచ్చుగుద్దినట్టు దింపి చవగ్గా ఓడల కొద్దీ తీసుకెళ్ళారు. ఆ ఆడవాళ్ళు తాను మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన లేకపోయేసరికి అవతలకు తోసేశారట. "గళ్ళు దొంగిలించగలిగారు గానీ కంపు దొంగిలించలేకపోయారమ్మా," అని ఆయన పగలబడి నవ్వారు. నేను తలుపు చాటున ఉండి విన్నాను. ముఖం చూడని ఆ ఆడవాళ్ళ మీద నాకు ఎంత గౌరవం పుట్టిందో చెప్పలేను. మా నాన్న కొట్టుకు వచ్చి, చీర అంచు గోటితో గీకి చూసిగానీ నమ్మని బెజవాడ ఆడవాళ్ళు గుర్తొచ్చారు.

ఆ వాసన బాధ్యత మా అత్తగారిది. మగ్గాల దగ్గర మామగారి మాట చెల్లేది, బేరం దగ్గర షావుకారు మాట. కానీ ఓడకెక్కే తానుల మూటను, అంటే బేలును, కట్టేముందు తాను మడత విప్పి ముక్కుకు ఆనించుకుని ఆవిడ "బాగుంది" అంటేనే తాడు బిగించేవాళ్ళు. అనకపోతే ఆ తాను మళ్ళీ గంజి బానలోకే. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. చెబితే ఒంటికాలి మీద లేచేవారు. ఆవిడ అనడం, మా రుమాలు ఒక్కటి కూడా ఆఫ్రికా రేవు నుంచి తిరిగి రాలేదని. కోపంలో అన్నా అది నిజమే.

నేను కాపురానికి వచ్చిన కొద్దికాలానికే యుద్ధం ముదిరి ఓడలు ఆగిపోయాయి. మద్రాసు జనం బాంబుల భయంతో ఊళ్ళకు పరుగెత్తుకొచ్చిన ఏడు అది. నూలు సర్కారు కంట్రోలులోకి వెళ్ళింది. నీలి కుండ ఎండిపోయింది. ఓడెక్కకుండా మిగిలిన రుమాళ్ళు మా ఇంట్లో దుప్పట్లయ్యాయి, దిండు గలీబులయ్యాయి, గుమ్మాలకు పరదాలయ్యాయి. ఇల్లంతా ఎర్ర గళ్ళే. దొరికిన నూలుతో ముతక తువ్వాళ్ళు నేసి సంతలో అమ్ముకున్నాం. ఆ రోజుల్లోనే అత్తగారికి విషజ్వరం వచ్చింది. మంచం దిగుతారనుకోలేదు. దిగారు. దిగిన రోజునే నా వంటకు వంకలు పెట్టారు గనక అందరం గండం గడిచిందనుకున్నాం.

యుద్ధం అయిపోయాక షావుకారు మనిషిని పంపారు. ఓడలు కదిలాయి, అటువైపు నుంచి రుమాళ్ళు అడుగుతున్నారు, ఒక్క బేలు పంపండి చూద్దాం అని. అయితే ఇన్నేళ్ళలో సీమ గుడ్డ మళ్ళీ అక్కడ చేరి కూర్చుంది. ఈ బేలు నచ్చితే ఎప్పటిలా మా ఇంటి పని మాకు ఉంటుంది. నచ్చకపోతే చీరాల వాళ్ళకే ఇచ్చేస్తానన్నారు. మామగారు ఆ కబురు విని మా ఆయనతో, "ఇది తప్పిందంటే మగ్గాలు అమ్మేసి బెజవాడ బియ్యం మిల్లులో కూలికి పోవడమేరా," అన్నారు.

మళ్ళీ నీలి కుండ పొంగింది. మళ్ళీ వీధివాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు అప్పుడే నెల తప్పింది. ఒక్కొక్క తానూ గంజి ఆరగానే అత్తగారు నన్ను పిలిచేవారు. "అమ్మాయ్, ఇలా వచ్చి నా ఎదురుగా నిలబడు." ఆవిడ గుడ్డ ముక్కుకు ఆనించుకునేవారు. నాకు ఆ వాసనకు వాంతి వచ్చినంత పని అయ్యేది. నేను మొహం చిట్లించగానే "బాగుంది" అనేవారు. నన్ను ఏడిపించడానికి పిలుస్తున్నారనుకుని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. ఇదివరకు కళ్ళు మూసుకుని వాసన చూసే మనిషి, ఇప్పుడు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. పక్కనే పాలు మాడి పొగ వస్తుంటే కూడా కదలకుండా కూర్చున్నారని ఒకరోజు విసుక్కున్నాను కూడా.

బేలు వెళ్ళే రోజు వచ్చింది. బండి వాకిట్లో ఉంది. సీతానగరం దగ్గర బల్లకట్టు ఎక్కించి కృష్ణ దాటించి బెజవాడ చేర్చాలి. షావుకారు గుమాస్తా వచ్చి అరుగు మీద కూర్చుని నశ్యం పీలుస్తున్నాడు. లోపల నేను వచ్చినవాళ్ళకు పాయసం కాస్తున్నాను. మా మామగారికి పట్టరాని సంతోషం. ఇన్నేళ్ళ తర్వాత సముద్రం దాటుతున్న గుడ్డ. ఆయన దానికి పసుపూ కుంకుమా పెట్టారు. అంతటితో ఆగారా? పెళ్ళివారి మీద చల్లే పన్నీరు బుడ్డి తీసుకొచ్చి, బేలు పైవరస తానులు తడిసేలా చల్లారు. గౌరవం చేయదగిన వాళ్ళకు మన ఇళ్ళల్లో చేసేది అదేగా. ఆఫ్రికా వియ్యాలవారికి అంతకన్నా మర్యాద ఆయనకు తెలియదు.

గులాబీ వాసన వంటింటి దాకా వచ్చింది. గరిటె పడేసి పరుగెత్తి వచ్చేసరికి అత్తగారు పైతాను ముక్కుకు ఆనించుకుని ఉన్నారు. ఎదురుగా నేను లేను. ఆవిడ కళ్ళు ఒకసారి అటూ ఇటూ వెతికాయి. తర్వాత, ఏ మాత్రం తడుముకోకుండా, "బాగుంది, కట్టండి," అన్నారు.

ఆ తాను నుంచి వచ్చేది పెళ్ళిపందిరి వాసన. ముక్కున్న మనిషి ఎవరూ దాన్ని గంజి వాసన అనుకోరు. మాడిన పాలు, నన్ను ఎదురుగా నిలబెట్టడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. జ్వరం ఆవిడ ప్రాణం వదిలి ముక్కు పట్టుకుపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ నా మొహంలో వాసన చూస్తున్నారు.

మా ఆయన తాడు బిగించబోతున్నారు. గుమాస్తా ముక్కు నిండా నశ్యమే గనక అతనికి ఏమీ తెలియలేదు. నేను నోరు మెదపకపోతే ఆ రేవులో ఆడవాళ్ళు ఈ గుడ్డ అవతలకు తోసేస్తారు. నోరు విప్పితే అందరి ముందూ అత్తగారి మాట పోతుంది. ఆ ఇంట్లో ఆవిడకు ఉన్నదల్లా ఆ మాటే. మామగారి ముందు నోరెత్తే కాలం కాదది. తలుపు చాటుకు జరిగి, ధైర్యం ఎలా వచ్చిందో గానీ, గొంతు పెంచి అన్నాను.

"అత్తయ్యా, లోపలి తానులు బాగున్నాయన్నారు సరే. పైన పన్నీరు సంగతి ఇందాక నాతో అన్నారుగా, అది కూడా చెప్పెయ్యండి."

అత్తగారు నా వైపు తిరిగారు. ఆ చూపు నేను మర్చిపోలేను. ముందు భయం, వెంటనే అంతా అర్థమైన నిదానం. చేతిలో తాను నెమ్మదిగా మడత పెట్టారు.

"మీ మామగారు ముచ్చటపడి చల్లారు, మనసు నొచ్చుకుంటారని ఆగానే," అన్నారు. ఆయన వైపు తిరిగి, "ఏవండీ, వాళ్ళు మననుంచి కోరేది మన ఇంటి కంపు. పన్నీరు వాళ్ళకెందుకండీ? విప్పించండి," అన్నారు.

మామగారి మొహం చిన్నబోయింది. గుమాస్తా బల్లకట్టు తప్పిపోతుందని గొణిగాడు. అయినా ఆవిడ మాటకు ఎదురు లేదు. బేలు విప్పారు. పన్నీరు తగిలిన తానులు తీసి ఉతికి మళ్ళీ గంజి బానలో వేశాం. బాగా తడిసిన ఒక్క తానుకు మాత్రం ఆ గులాబీ వదల్లేదు. దాన్ని అత్తగారు పక్కన పెట్టేశారు.

దొడ్లో గంజి పిసుకుతున్నప్పుడు ఇద్దరమే ఉన్నాం. "ఎప్పుడు తెలిసింది?" అన్నారు తలెత్తకుండా.

"ఇప్పుడే, అత్తయ్యా. మరి ఇన్నాళ్ళూ గంజి ఎలా కుదిరింది?"

ఆవిడ గంజిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. "పులుపు నాలుకకు తెలుస్తుంది. నూనె వేళ్ళకు తెలుస్తుంది. చివర్న తప్పు ఉందో లేదో నీ మొహానికి తెలుస్తుంది. నీ అంత బాగా మొహం చిట్లించేవాళ్ళు ఈ జిల్లాలో లేరే," అన్నారు.

నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. జ్వరం నుంచి లేచిన మనిషి, ఎవరి దగ్గరా ఒక్క ముక్క అనకుండా, నాలుకతో వేళ్ళతో ఇల్లు నిలబెట్టుకొస్తున్నారు. నేనేమో ఆవిడ నన్ను ఏడిపిస్తున్నారనుకున్నాను. అంత గట్టి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కాసేపయ్యాక ఆవిడే అన్నారు, "గంజి సంగతి ఎలాగో నెట్టుకొస్తానే. నీకు పుట్టబోయే బిడ్డ తల వాసన మాత్రం నాకు తెలియదు. అదొక్కటే." ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు బాధేసింది.

మర్నాడు బండి కదిలింది. నెలలు గడిచాయి. పురిటికి నేను బెజవాడ వెళ్ళాను. ఒకరోజు షావుకారు స్వయంగా మా నాన్న కొట్టు దగ్గర ఆగి కబురు చెప్పారు. అటువైపు ఆడవాళ్ళు తాను విప్పి వాసన చూసి, చిన్నప్పటి చుట్టం దొరికినట్టు మొహానికి అద్దుకున్నారట. ఇంకా పంపమన్నారట. మా ఇంటి మగ్గాలు అమ్మక్కర్లేదు.

ఆడపిల్ల పుట్టింది. అత్తగారు బల్లకట్టు దాటి చూడటానికి వచ్చారు. సంచిలోంచి ఒక గళ్ళ గుడ్డ తీశారు. ఆనాడు పన్నీరు పడ్డ తానే. ఎన్నిసార్లు ఉతికారో ఏమో, వెన్నలా మెత్తగా ఉంది. దాంట్లో బిడ్డను చుట్టి ఒళ్ళోకి తీసుకున్నారు. పాత అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని బిడ్డ తలకు ముక్కు ఆనించారు. అలాగే చాలాసేపు ఉండిపోయారు. గదిలో మా అమ్మ ఉంది, ఇరుగుపొరుగు ఉన్నారు. ఎవరికీ ఏమీ తెలియదు.

తర్వాత కళ్ళు తెరిచి నా మొహంలోకి చూశారు. నేను మంచం మీద ఎదురుగానే ఉన్నాను. కన్నీళ్ళు తుడుచుకోకుండా, ఆవిడకు స్పష్టంగా కనబడేలా నవ్వాను.

"బాగుంది," అన్నారు అత్తగారు.