రజియా టీచర్ ఆపేసిన పాఠం

నిన్న మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరి ఫోన్‌లోనో ఒక పిట్ట ఈల వేసింది. నల్లటి ఒళ్లు, రెక్కల మీద తెల్ల మచ్చ. సముద్రం నడుమ సీషెల్స్ దీవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని పాటపిట్ట. ఆ సంగతి నేను చెబితే కొత్త మాస్టారు ఆశ్చర్యపోయాడు. ఎలా తెలుసంటే, ఏదో పుస్తకంలో చదివానని బొంకాను.

చెప్పింది రజియా టీచర్. జనగామలో మాకు సైన్సు చెప్పేవారు. నాకప్పుడు నత్తి. నేను పాఠం చదువుతుంటే ఎవరైనా కిసుక్కుమంటే ఊరుకునేవారు కాదు. “వానికి తొందరేం లేదు, మీకెందుకు పరేషాన్?” అని వాళ్లను కసిరి, నా వైపు తిరిగి, “నిమ్మలంగ చదువు బిడ్డా” అనేవారు. నత్తి పోయింది. తెలంగాణ ఉద్యమం నాటికి చౌరస్తాలో మైకు పట్టుకునే మొనగాణ్నయ్యాను.

రోడ్ల మీద వండుకు తిన్నాం, రోడ్ల మీదే బడులు పెట్టాం. అలాంటి ఒక రోజు టీచర్ వచ్చి పాఠం మొదలుపెట్టారు. “గీ పిట్ట మనిషిని జూసి భయపడదు. కాళ్ల కాడికే వచ్చి మేస్తది. పడవలల్ల వచ్చిన పిల్లులు తినంగ తినంగ ఒక్క దీవిల కొన్నే మిగిలినయ్. గిదెందుకు చెప్తున్ననంటే...” అంతలో నాయకుడి కారు వచ్చింది. నేను మైకు లాక్కున్నాను. “టీచరమ్మా, పిట్టల ముచ్చట బడిల చెప్పుకో” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె ఉర్దూ యాసను సాగదీసి, ఆమెలాగే మాట్లాడి చూపించాను. చౌరస్తా గొల్లుమంది. మన మాటను సినిమాల్లో వెక్కిరిస్తున్నారని పది నిమిషాల ముందు అరిచిన నోరే అది. టీచర్ కళ్లద్దాలు సర్దుకుని, మెల్లగా “జై తెలంగాణ” అని, వెళ్లి జనంలో కూర్చున్నారు. సభ ముగిసేదాకా లేవలేదు.

రాష్ట్రం వచ్చాక ఒకసారి జనగామ బస్టాండులో కలిశారు. “నువ్వు గూడ సారువైనవట, మస్తు సంతోషం బిడ్డా” అని భుజం తట్టారు. క్షమించమని అడగాలనుకున్నాను. “ఆ రోజు చౌరస్తల పిట్ట గురించి ఇంకేం చెప్దామనుకున్నరు టీచర్?” అని మాత్రం అడిగాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూశారు.

“ఏమో బిడ్డా, యాదికి లేదు. ఏ రోజు ముచ్చటో ఏమో.”

పాతికేళ్ల కిందటి పిల్లలను ఇంటిపేర్లతో సహా పిలిచే మనిషి ఆమె. మహబూబాబాద్ బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు. మళ్లీ నేను చూడలేదు. పోయినేడు ఆమె కన్నుమూశారని తెలిసింది. నా ముఖం చూసి, యాదికి లేదని నా కోసమే అబద్ధం ఆడారని నాకు ఆ రోజు బస్టాండులోనే తెలుసు. తెలిసి కూడా, హమ్మయ్య అనుకున్నాను. చౌరస్తాలో చేసిన దానికి వయసును సాకుగా చెప్పుకోవచ్చు. ఆ హమ్మయ్యకు నా దగ్గర ఏ సాకూ లేదు.