మేనత్త కొలత

మా మేనత్త టేపు వాడేది కాదు. మెత్తటి బనీను గుడ్డతో మావయ్యకు టీషర్టు కుట్టాలంటే, వెనకనుంచి ఆయన ఛాతీ చుట్టూ చేతులు వేసి, వేళ్లు ఎక్కడ కలిశాయో చూసుకునేది. అదే ఆమె కొలత. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. హార్బరులో బస్తాలు మోసినన్నాళ్లూ మావయ్య చుట్టూ ఆ వేళ్లు అందీ అందనట్టుండేవి.

ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పని మానేశాక, కొలిచిన ప్రతిసారీ అత్త ఒక చెయ్యి రెండో చేతి మణికట్టు దాటి మోచేతి వైపు పాకేది. "మల్లీ ఒల్లు సేసావు మావా" అనేది. అని, గుడ్డను ఇంకాస్త ఇరుకుగా కత్తిరించేది. మెడకు మాత్రం ఎప్పట్లాగే ఎర్ర పట్టీ వేసేది.

మావయ్య నమ్మాడు. చూడ్డానికొచ్చినవాళ్లకి పొట్ట దగ్గర గుడ్డ లాగి చూపించేవాడు.

"అలా సూత్తన్నావేటి బావా? సొక్కా ఎంత బిగుతైపోయిందో సూడు! మందు పని సేత్తంది."

అత్త మిషను మీంచి తలెత్తేది కాదు.

ఆయన పోయాక చివరి టీషర్టు నాకిచ్చింది. వేసుకున్నాను. ఛాతీ దగ్గర సరిగ్గా సరిపోయింది.

అప్పుడు నేను ఆరో తరగతి.