మూత కాదు, విలీనం

గ్లోరికి వార్త విని ఊరుకోవడం చేతకాదు. తిరువూరు డిగ్రీ కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం చదివే ఆ పిల్ల, పొద్దున్నే బస్సు దిగి క్లాసుకి వెళ్ళేముందు లైబ్రరీలో ఉన్న పేపర్లన్నీ తిరగేసేది. ఒకే సంగతి ఒక్కో పేపర్లో ఒక్కోలా ఉండేది. "ఒకడు పెళ్ళంటాడు, ఇంకొకడు చావంటాడు, మూడోవాడు అసలు రాయనే రాయడు" అని పక్కన కూర్చున్న కీర్తనతో అని, ఆ కోపం చల్లారక క్లాసులో లేచి లెక్చరర్ని అడిగేది. ఫీజుల సంగతైనా, ఉద్యోగాల నోటిఫికేషనైనా, మిర్చి ధరైనా ఆమెకో అభిప్రాయం ఉండేది. దాన్ని దాచుకోవడం మాత్రం తెలిసేది కాదు.

ఆమెది ఎ.కొండూరు దాటాక హైవేని ఆనుకుని ఉన్న పేట. రోడ్డుకి ఈవైపు పేట, ఆవైపు ఊరు. పేటకి సొంతంగా ఒక చిన్న ప్రైమరీ బడి ఉంది. గ్లోరి అయిదో తరగతి దాకా అక్కడే చదివింది. తండ్రి పోయాక తల్లి మేరమ్మ ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరి కూతుర్ని పెంచుకొచ్చింది.

సాయంత్రం గ్లోరి బస్సు దిగేసరికి చర్చి అరుగు మీద పెద్దవాళ్ళు కాచుకుని ఉండేవాళ్ళు. వాళ్ళందరికీ పెద్దదిక్కు అంతోనయ్య. కొడుకూ కోడలూ హైదరాబాదులో మేస్త్రీ పనికి పోతే, మనవరాలిని తన దగ్గరుంచుకుని పేట బడిలో మూడో తరగతి చదివిస్తున్నాడు. బడి కమిటీలో ఆయన మాట చెల్లుతుంది.

"ఏమంటన్నారమ్మా గవర్నమెంటోళ్ళు?" అని అడిగేవాడు.

గ్లోరి చెప్పేది. పింఛను నిబంధన మారిందంటే ఎవరికి ఆగుతుందో, ఎవరికి ఆగదో విడమరిచి చెప్పేది. టీవీలో నలుగురూ ఒకేసారి అరుచుకునే చర్చల కంటే గ్లోరి చెప్పిన నాలుగు ముక్కలే వాళ్ళకి నమ్మకం. "మన పిల్ల చదివి చెప్పింది" అంటే ఇక దానికి తిరుగు లేదు.

చలికాలంలో ఆ వార్త వచ్చింది. పిల్లలు తక్కువున్న బడులని పక్క బడుల్లో కలిపేస్తారట. పేట బడి పేరు కూడా ఆ జాబితాలో ఉంది. పిల్లలు హైవే దాటి అవతలి ఊరి బడికి పోవాలి.

ఆ రోజు పొలిటికల్ సైన్సు క్లాసులో గ్లోరి లేచి నిలబడింది. "పిల్లలు లేరు కాబట్టి బడి తీసేస్తామంటున్నారు సార్. ఉన్న ఒక్క టీచర్ని కూడా డ్యూటీల మీద ఊళ్ళు తిప్పితే పిల్లలు ఉంటారా? కాళ్ళు విరగ్గొట్టి, నడవడం లేదని నేరం మోపినట్టుంది."

లెక్చరర్ జగన్నాథరావు కళ్ళజోడు తీసి ఆమెని పరీక్షగా చూశాడు. కాలేజీలో నమూనా అసెంబ్లీ పోటీ పెట్టబోతున్నారు. బాగా మాట్లాడేవాళ్ళని జిల్లా పోటీకి బెజవాడ పంపిస్తారు. చర్చకి ఏ అంశం పెట్టాలా అని ఆలోచిస్తున్న ఆయనకి అంశమూ దొరికింది, మనిషీ దొరికింది. కానీ గ్లోరికి ఆయన ఇచ్చింది విద్యామంత్రి వేషం.

"నేను ప్రతిపక్షంలో ఉంటాను సార్. అది మా బడి" అంది గ్లోరి.

"అడగడం ఎవడైనా అడుగుతాడమ్మా. జవాబు చెప్పడానికే బుర్ర కావాలి. అయినా ఇది నాటకం. కంసుడి వేషం కట్టినవాడు కంసుడైపోతాడా ఏంటి?"

ప్రతిపక్ష నాయకుడి వేషం వంశీకృష్ణకి ఇచ్చారు. నెమలి అనే ఊరి దగ్గర మామిడి తోటలున్న కుటుంబం వాళ్ళది. ఎల్.కే.జీ. నుంచీ ఇంటి ముందుకొచ్చే బస్సెక్కి ప్రైవేటు బడికి పోయినవాడు. "పేట బడిలో ఒక్క టీచరే ఉంటారా? నిజంగానా?" అని గ్లోరినే అడిగి రాసుకున్నాడు.

గ్లోరి పట్టుదల మనిషి. వద్దనుకున్న వేషమైనా ఒప్పుకున్నాక దానికోసం వారం రోజులు చదివింది. ప్రభుత్వం వైపు నుంచి చెప్పే కారణాలన్నీ వెతికింది. అందులో కొన్ని నిజాలే కావడం ఆమెకి మింగుడు పడలేదు. అయిదు తరగతులకి ఒకే టీచరుంటే పిల్లలకి చదువు రాదన్నది నిజం. తనకి కూడికలు వచ్చింది ఆరో తరగతిలో కదా! ఆ కారణాలని తన అనుభవంతో కలిపి రాసుకునేసరికి మాటలకి ప్రాణం వచ్చింది. జగన్నాథరావు చదివి తలూపాడు. "బావుంది. కానీ మంత్రి అన్నాక ఒకటి రెండు హామీలు కూడా ఉండాలమ్మా. సభ పండాలంటే అవే ముఖ్యం." గ్లోరి రెండు హామీలు కల్పించి చేర్చింది.

పోటీ రోజున హాలు కిక్కిరిసింది. వంశీకృష్ణ లేచి, "పేదపిల్లల నోటి దగ్గర కూడు లాగేస్తున్నారు అధ్యక్షా! బడులు మూసేస్తున్నారు అధ్యక్షా!" అని బల్ల గుద్దాడు. వెనక కూర్చున్న కుర్రాళ్ళు ఈలలు వేశారు.

గ్లోరి నిదానంగా లేచింది. చీర కొంగు సర్దుకుని, ఈలలు ఆగేదాకా నిలబడింది.

"సభ్యులు మూసివేత అంటున్నారు. ఆ మాట తప్పు అధ్యక్షా. ఇది మూత కాదు, విలీనం. మన కట్టలేరు వెళ్ళి పెద్ద ఏట్లో కలుస్తుంది. కట్టలేరు చచ్చిపోయిందని ఎవరైనా అంటారా? కలిశాకే కదా అది కృష్ణ దాకా పోయేది! ఒక్క టీచరు, అయిదు తరగతులు, ఒకే గది. ఆ గదిలో చదివినదాన్ని నేను. సభ్యులు ఏ గదిలో చదివారో చెప్పమనండి అధ్యక్షా!"

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. వంశీకృష్ణ ముఖం కందగడ్డలా అయింది. ఆ నవ్వు గ్లోరికి ఒళ్ళంతా పాకింది. అంతమంది తన నోటి వంక చూస్తుండగా మాట వెంట మాట దానంతటదే వచ్చింది. "రోడ్డు దాటాల్సిన ప్రతి పేటకీ ప్రభుత్వం బండి పెడుతుంది. బడిలో వండి పెట్టే ఏ తల్లీ పని పోగొట్టుకోదు. ఇది నా మాట అధ్యక్షా!"

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి, "మన నిజం మంత్రులు ఈ అమ్మాయి దగ్గర పాఠాలు నేర్చుకోవాలి" అన్నాడు. మొదటి బహుమతి ఆమెదే. ఆ క్షణంలో తను ఎవరి తరఫున మాట్లాడిందో గ్లోరికి గుర్తు లేదు. గెలిచింది, అంతే.

ఆ వీడియో కాలేజీ గ్రూపులో మొదలై పేట ఫోన్లన్నిటికీ పాకింది. మేరమ్మ వంటపాక దగ్గర టీచరుకి చూపించింది, నీళ్ళ ట్యాంకు దగ్గర ఆడవాళ్ళకి చూపించింది. రాత్రి అన్నం తింటూ, "వంటోళ్ళకి పని పోదంటగా అమ్మాయ్?" అంది.

"అది పోటీ కోసమమ్మా."

"పోటీ అయితే మాత్రం? నువ్వు ఊరికే అంటావా, ఎక్కడో చదివే ఉంటావు."

గ్లోరి నోరు తెరిచింది. తల్లి ముఖంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది. తర్వాత చెప్పొచ్చులే అనుకుని, పచ్చడి కలుపుకుంది.

ఏప్రిల్లో పేట బడి వరండాలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. బడి కలపడానికి కమిటీ ఒప్పుకోవాలని పైనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. అంతకు ముందు రెండుసార్లు వచ్చినప్పుడు పేట ఒక్క మాట మీద నిలబడి కాదంది. రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో ఆయనకి తెలియదా అని అంతోనయ్య గట్టిగా అడిగాడు. ఈసారి ఆఫీసరు వాదించలేదు. జేబులోంచి ఫోను తీసి, వెంట తెచ్చుకున్న స్పీకరుకి తగిలించాడు.

గ్లోరి బస్సు దిగి పేటలోకి వస్తుంటే ఎదురుగా తన గొంతే వినిపించింది. "ఇది మూత కాదు, విలీనం." కాళ్ళు ఆగిపోయాయి. తర్వాత పరుగెత్తింది.

వరండా ముందు అందరూ కింద కూర్చుని వింటున్నారు. మేరమ్మ వంటపాక గుంజని ఆనుకుని నిలబడి ఉంది. వీడియో అయిపోయాక ఆఫీసరు చిరునవ్వుతో, "నేను చెబితే మీకు నమ్మకం లేదు. మీ బడిలో చదివిన పిల్ల, మీ మేరమ్మ కూతురు. ఇంతకంటే ఎవరు చెప్పాలండీ?" అన్నాడు.

"బండి పెడతారంట గదా సార్, గ్లోరి చెప్పింది" అంది రావమ్మ. ఆమె కూతురు రెండో తరగతి.

"పైకి రాస్తామమ్మా. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

"సార్, అది పోటీ!" గ్లోరి ఆయాసంతోనే అరిచింది. "నాకు మంత్రి వేషం ఇచ్చారు, నేను చెప్పాను. బండి సంగతి ఎక్కడా లేదు, అది నేను కల్పించింది. ఒప్పుకోకండి. రావమ్మత్తా, చెయ్యెత్తకు!"

ఆఫీసరుకి కోపం రాలేదు. "అంటే అబద్ధాలు చెప్పి ప్రైజు తెచ్చుకున్నావామ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని ఇంకొందరు నవ్వారు. రావమ్మ మాత్రం నవ్వలేదు. "అక్కడ సార్ల ముందు ఒక మాట, ఇక్కడ మాకో మాటా? కప్పు నీ ఇంటికొచ్చింది. బండి మా పిల్లలకొస్తదంటే అడ్డమొస్తన్నావేంటే?"

"అత్తా, బండి రాదు. నిజంగా రాదు."

"మరి ఆ రోజెందుకన్నావు?"

హాలునిండా జనం ముందు మాటలు వరదలా వచ్చిన పిల్లకి, పాతికమంది తన వాళ్ళ ముందు నోరు పెగల్లేదు. ఒక్కొక్క చెయ్యీ లేచింది. అంతోనయ్య ఆమె వైపు తిరిగాడు.

"ఏట్లో నీళ్ళకి లారీలు అడ్డం రావు గదమ్మా" అని, ఆయన కూడా చెయ్యెత్తాడు. పేటంతా ఎత్తాక తనొక్కడూ దించుకుని ఏం చేస్తాడు!

ఆ రాత్రి మేరమ్మ కూతురికి కంచం ముందు పెట్టి, మంచినీళ్ళు పెట్టి, తను గడపలో కూర్చుంది. గ్లోరే ఉండబట్టలేక, "నాదే తప్పమ్మా" అంది.

"తప్పేముందిలే. బాగా మాట్లాడావు, అందుకే నమ్మారు" అంది మేరమ్మ బయటికి చూస్తూ. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు.

వారం తిరక్కుండానే జగన్నాథరావు పిలిపించాడు. బెజవాడ పోటీకి సిద్ధం కమ్మన్నాడు. ఈసారి ప్రతిపక్షంలో ఉంటానంది గ్లోరి. ఆయన విసుక్కున్నాడు. "గెలిచిన జవాబుని ఎవరైనా మార్చుకుంటారా?" గ్లోరి పేటలో జరిగిందంతా చెప్పింది. ఆయన విన్నాడు. నొచ్చుకున్నాడు కూడా. "పాపం" అన్నాడు. ఆ తర్వాత, "నువ్వు రాకపోతే ఆ పాత్ర కీర్తనకి ఇస్తాను, కాగితాలు ఇచ్చేసి వెళ్ళు" అన్నాడు.

కీర్తన గ్లోరి మాటలే వల్లె వేసి, కట్టలేరుతో సహా పొల్లుపోకుండా చెప్పి, జిల్లాలో మొదటి బహుమతి తెచ్చింది. "ఆ గదిలో చదివినదాన్ని నేను" అన్న చోట కీర్తనకి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయట. తిరువూరు కాన్వెంటులో చదివిన పిల్ల! మర్నాడు స్వీట్ల డబ్బా తెచ్చి గ్లోరి ముందు పెట్టి, "నీ మాటలేనే, సగం నీదే" అంది ప్రేమగా. గ్లోరి ఒక ముక్క తీసుకుంది. తీసుకోకపోతే కుళ్ళు అనుకుంటారు.

జూన్‌లో బడులు తెరిచారు. పేట బడికి తాళం పడింది. వంట గిన్నెలు ఆటోలో వేసుకుని అవతలి బడికి పట్టుకుపోయారు. అక్కడ వండేవాళ్ళు ఇద్దరు ఉండనే ఉన్నారు, మేరమ్మతో పని లేదన్నారు. ఆమె పత్తి గింజలు పెట్టే ముఠాలో చేరి, తెల్లారకముందే ట్రాక్టరెక్కి పోవడం మొదలుపెట్టింది. బండి రాలేదు. స్తోమత ఉన్న ఇద్దరు ముగ్గురు తమ పిల్లల్ని ప్రైవేటు బడిలో వేశారు. మిగిలిన పిల్లలు నడిచి రోడ్డు దాటుతున్నారు. అంతోనయ్య మనవరాలిని తనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, మళ్ళీ సాయంత్రం తనే తెచ్చుకుంటున్నాడు. చర్చి అరుగు మీద ఇప్పుడు టీవీ వార్తలు ఫోనులో పెట్టుకుని వింటున్నారు. గ్లోరి బస్సు దిగితే, "వచ్చావామ్మా" అంటారు. అంతకు మించి అడగరు.

బడులు తెరిచిన మర్నాడు గ్లోరి తన బస్సుకి చాలా ముందే హైవే పక్కకి వచ్చి నిలబడింది. పిల్లల్ని తనే దాటిద్దామని ఆమె ఉద్దేశం. తుప్పర పడుతోంది. గ్రానైటు రాళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. రావమ్మ కూతురు ముందుగా పరుగెత్తుకొచ్చింది. గ్లోరి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

వెనకాలే వచ్చిన రావమ్మ ఆ చేతిని విడిపించింది. గట్టిగా లాగలేదు, మామూలుగానే విడిపించింది. "మా పిల్లని మేం దాటించుకుంటాంలే. నువ్వు కాలేజీకి పో" అంది.

లారీలు తెరిపియ్యగానే తల్లీ కూతురూ తలవంచుకుని అడ్డంగా పరుగెత్తారు. వాళ్ళు అవతలి గట్టు ఎక్కారో లేదో చూద్దామనుకుంది గ్లోరి. ఇంతలో తిరువూరు బస్సు వచ్చి మధ్యలో ఆగింది. కండక్టరు ఎక్కుతావా లేదా అని కేకేశాడు. ఆమె ఎక్కింది.