కాలువ కట్ట మీద నా వెనక బండి

ఆ కట్టను నేను మొదటిసారి దవాఖాన జీపులోంచి చూశాను. కల్వకుర్తి అవతలి పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసి తిరిగి వస్తున్నాం. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మా వైపు ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు పారే కాలువ పక్కనే, ఎత్తు మీద, ఎర్రటి మొరం పరిచిన బాట కనుచూపు మేర సాగిపోతోంది. దాని మీద ఒక్క బండి కూడా లేదు.

"గా కట్ట ఎక్కడి దాక పోతది?" అని డ్రైవర్‌ను అడిగాను.

"మస్తు దూరం పోతది సిస్టర్. నీలగిరి తోటలల్ల నుంచి మీ అక్కోళ్ల ఊరి దాక పోతది. లారీలు, ట్రాక్టర్లు ఎక్కకుంట రెండు దిక్కుల రాళ్లు పాతిండ్రు. సైకిలో, మోటర్‌సైకిలో తప్ప ఇంకేది పట్టదు."

నేను నర్సును. వార్డులో అడుగు పెట్టింది మొదలు బయటికి వచ్చేదాకా "సిస్టర్", "సిస్టర్" అన్న పిలుపు ఆగదు. ఇంటికి వస్తే మా వాకిలి ముందే శ్రీశైలం రోడ్డు. లారీలు, బస్సులు, పత్తి ట్రాక్టర్లు, హారన్లు. మాట్లాడుకోవాలంటే కిటికీ మూయాలి. జీపు మలుపు తిరిగేదాకా నేను ఆ కట్టనే చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు పక్క ఊరి బడికి సైకిల్ మీదే పోయేదాన్ని. మళ్లీ తొక్కాలనిపించింది. ఆదివారం పొద్దున, ఎవరూ పిలవని చోట, నా పాటికి నేను.

సైకిల్ తెచ్చుకోవడానికి ఇంట్లో అడ్డు చెప్పినవాళ్లు లేరు. మా ఆయనకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. వెడల్పు టైర్ల సైకిల్‌ను మహబూబ్‌నగర్ నుంచి తనే తెచ్చాడు. మొరం మీద జారకుండా టైర్లలో గాలి కొంచెం తగ్గించాడు, సీటు నా ఎత్తుకు దించాడు, చెయిన్‌కు నూనె పెట్టాడు. మంచి మనిషి. అదే నా కష్టం. చెడ్డవాడైతే తిట్టి పోయేదాన్ని.

మొదటి ఆదివారం నేను సైకిల్ బయటికి తీస్తుంటే తనూ బండి తాళం తీసుకున్నాడు.

"నువ్వెటు?"

"ఎటేంది, నీతోనే."

"నేను సైకిల్ తొక్కనీకె పోతున్న."

"తొక్కు. నేను ఎనుక బండి మీద వస్త. కట్ట మీద మనిషి తిరగడంటివి. నువ్వు పడ్డవంటే ఎవలు లేపాలె?"

మనిషి తిరగడనే కదా నేను పోతున్నది! అది లోపలే అనుకుని సైకిల్ ఎక్కాను.

సైకిల్ వేగంతో నడిచే మోటార్‌సైకిల్ చప్పుడు ఎట్లుంటుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. ఫస్ట్ గేరులో మూలుగుతుంది, దగ్గుతుంది, ఆగబోయి మళ్లీ ఉరుముతుంది. నా టైర్ల కింద మొరం నలిగే చప్పుడు నాకు వినబడలేదు. మధ్యమధ్య "గుంత ఉంది, ఎడమకు రా", "జర నీళ్లు తాగు" అని కేకలు. కాలువ నీళ్లు చెరువులో కలిసే చోట జమ్ము బాగా పెరిగింది. ఆ నీటి అంచున కొంగలు నిలబడి ఉంటాయి. దూరం నుంచి తెల్లగా కనిపించేవి. మా బండి చప్పుడుకు నేను చేరకముందే లేచిపోయేవి. బుడుబుంగలు మునిగి ఎక్కడో దూరాన తేలేవి. నేను చేరేసరికి నీళ్లు ఊగుతుండేవి, అంతే.

ఇంటికొచ్చాక చెప్పాను, చప్పుడుతో పిట్టలు లేచిపోతున్నాయని. పాపం, నొచ్చుకున్నాడు. మరుసటి వారం బాగా వెనక పడి వచ్చాడు. అది ఇంకా ఘోరం. మా వైపు అంతా బోడి నేల, చప్పుడుకు అడ్డమే ఉండదు. పైగా ఇంజన్ ఆపి, నేను మలుపు దాటగానే మళ్లీ కిక్ కొట్టేవాడు. నిశ్శబ్దం రాగానే, ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు కొడతాడు అని నా చెవులు వెనక్కే ఉండేవి.

అట్లా వెనక పడి వస్తున్న రోజుల్లోనే గొర్రెలు కాసే ఆమె ఎదురైంది. మంద కట్టంతా పరుచుకుని ఉంది. సైకిల్ దిగి దారి కోసం నిలబడ్డాను. మా అత్త వయసు ఉంటుంది ఆమెకు. నన్ను చూసింది, నా వెనక దూరంగా ఆగిన బండిని చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎవలు బిడ్డా వాడు? పోయిన ఆదివారం గూడ చూసిన. నీ ఎంబడి పడ్డడా?"

మా ఆయనే అని వెంటనే చెప్పాల్సింది. అంతలోనే నాకు నవ్వొచ్చింది, నవ్వు ఆపుకునే లోపల ఆమె కర్ర ఎత్తుకుని నడిచింది. ఆమె వెనకే రెండు కుక్కలు.

"ఏం పని రా నీకు? ఆడమనిషి ఒంటిగ పోతాంటే ఎనుక బండేసుకొని వస్తవా? దిగు! బండి దిగు!"

"అవ్వా, జర ఆగు... గామె నా పెండ్లాం!"

"గట్లనే అంటరు దొంగ నా కొడుకులు!"

నేను పరుగెత్తుకుంటూ పోయి చెప్పేదాకా కుక్కలు ఆయన కాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. ఆమె నమ్మలేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "పెండ్లామైతే పక్కన రావాలె గని గీ పోలీసుల లెక్క ఎనుక వచ్చుడేంది?" అనుకుంటూ పోయింది.

ఇంక ఈయన మానేస్తాడని సంబరపడ్డాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అన్నాడు కదా, "చూసినవా? ఎంబడి పడేటోళ్లు ఉంటరని గా అవ్వకే తెలుసు. గందుకే నేను వచ్చేది."



చలికాలం వచ్చాక ఒకటే కోరిక పెట్టుకున్నాను. కట్ట వెంబడే మా అక్కోళ్ల ఊరికి ఒక్కదాన్నే పోవాలి. ముందు రోజే మాట తీసుకున్నాను. "సరే, ఒక్కదానివే పో. నాకు షాపుల పనుంది" అన్నాడు. పొద్దున్నే బయల్దేరాను. ఆ పూట మొదటిసారి నా మొరం చప్పుడు నేను విన్నాను. చెరువు దగ్గర కొంగలు లేవలేదు. ఒకటి మెడ తిప్పి చూసి మళ్లీ నీళ్లలోకి చూపు దించుకుంది. ఎంత సంతోషమేసిందో!

నీలగిరి తోట మొదలయ్యే చోట కట్ట కింద నుంచి నీళ్లు పోయే ఒక మోరీ ఉంది. దాని గోడ మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. రోడ్డు మీదుగా నాకంటే ముందే వచ్చాడు.

"ఊకెనే వచ్చిన. తోటల మొగోళ్లు గిట్ల ఉంటరేమో అని."

"మాటిచ్చినవు కద!"

"సగం దాక ఇడిసిపెట్టిన కద. ఇంక సగమే."

పెడల్ మీద కాలు వేశాను. వెనక కిక్ కొట్టిన చప్పుడు, కొద్ది దూరం ఇంజన్, తర్వాత బుస్సుమన్న చప్పుడు. సర్కారు తుమ్మ ముల్లు. ఆయన బండి వెనక టైరు నేలకు అంటుకుపోయింది.

"నువ్వు పో! నేను మీ బావకు ఫోన్ చేస్త," అన్నాడు. గొంతులో కోపం లేదు. పోయాను.

తోటలో నీడ చల్లగా ఉంది. ఎండుటాకుల మీద టైర్లు మెత్తగా పోతున్నాయి, నీలగిరి వాసన. నేను అంతకాలం అడిగింది సరిగ్గా అదే. కానీ నాకు ఆయన చెమట పట్టిన మొహమే కనబడుతోంది. నీళ్ల సీసా నా దగ్గరే ఉండిపోయింది. మోరీ దగ్గర నీడ లేదు. ఎండెక్కుతోంది. వెనక్కి పోనా అనుకుంటాను, ఎందుకు పోవాలి అనుకుంటాను. తోట ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. నా ఒక్కతనం నాకు దొరికి కూడా దక్కలేదని ఏడుపొచ్చింది.

అక్క వాకిట్లో నిలబడి ఉంది. "మరిది ఏడి?" అని అడిగింది మొదట. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "మనిషిని ఎండల ఇడిసిపెట్టి సైకిలేసుకొని వచ్చినవా? ఏం ఆడిదానివే నువ్వు!"

బావ పంచరు వేసేవాణ్ని వెంటబెట్టుకుని పోయాడు. మధ్యాహ్నానికి మా ఆయన వచ్చాడు. అందరూ ఆయన చుట్టూ చేరారు. మజ్జిగ ఇచ్చారు, ఫ్యాన్ తిప్పారు, కోడిని కోశారు. ఆయన ముల్లు కథ చెబుతుంటే నవ్వారు. దారి ఎట్లుంది, అంత దూరం ఎట్లా తొక్కినవ్ అని నన్ను అడిగినవాళ్లు లేరు. సాయంత్రం బావ ట్రాలీ ఆటో పిలిచి నా సైకిల్‌ను ఎక్కించాడు. "తొక్కుకుంట పోత" అన్నాను. "ఊకో" అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. లారీల మధ్యన శ్రీశైలం రోడ్డు మీద, ట్రాలీలో కూర్చుని హ్యాండిల్ పట్టుకుని ఇంటికొచ్చాను. ఆయన వెనకాలే బండి మీద వచ్చాడు.

ఇంట్లో గట్టిగానే అరిచాను. "వార్డుల పేషెంట్లు చూస్తరు, ఇంట్ల నువ్వు చూస్తవు. ఒక్క పూట ఎవలు చూడని జాగాల ఉండనియ్యవా నన్ను?"

"పాము గిట్ల కరిస్తే?" అన్నాడు.

"నేను నర్సును."

"కరిపించుకునేది గూడ నువ్వే కద."

ఇప్పుడు ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన కట్ట మొదట్లో పాతిన రాళ్ల దగ్గరే ఆగిపోతాడు, కాకపోతే ఫోన్ చేస్తుంటాడు. ఎత్తకపోతే బండి తీస్తాడు. ఒకసారి సైలెంట్‌లో పెట్టి చూశాను, చెరువు దాకా వచ్చేశాడు.

మొన్న ఆదివారం రెండో తూము దాకా ప్రశాంతంగా పోయాను. అక్కడ ఫోన్ మోగింది. బ్రేకు పట్టి, దిగి, సైకిల్ స్టాండు వేసి ఎత్తాను.

"బతికే ఉన్న," అన్నాను.

"మంచిది. జర నీళ్లు తాగు," అన్నాడు.