చేను వేసినవాళ్ల పేర్లు

పక్కింటి అమెరికన్ పెద్దావిడ పోయారు. ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మామగారు పొద్దున్నే వాకింగ్ నుంచి తిరిగొచ్చి, "అమ్మాయ్, పెద్దావిడ నిద్రలోనే పోయారట. ఆవిడ తమ్ముడి కొడుకు చెప్పాడు" అన్నారు. ఆ రోజంతా ఏడ్చాను. ఇప్పుడు మాత్రం కోపంతోనే రాస్తున్నాను.

మోరిస్‌విల్‌లో మేం ఇల్లు కొన్నప్పటికే ఆవిడకి డెబ్బై దాటాయి. మా అమ్మాయి ఆంటీ అని పిలిస్తే మురిసిపోయేవారు. మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు తిని, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ఇంకోదానికి చెయ్యి చాపేవారు. మాట మాత్రం బజ్జీకంటే ఘాటు.

ఆవిడ వంశ మూలపురుషుడు, ఇంట్లో అందరూ తాత అనే మనిషి, రెండొందల ఏళ్లకు ముందే ఈ రాష్ట్రం పడమటి కొండల్లో ముందుగా స్థిరపడిన తెల్లవాళ్లలో ఒకడు. మిలీషియా అనే ఊరివాళ్ల సాయుధ దళంలో తుపాకీ పట్టినందుకు అక్కడ భూమి ఇచ్చారు. "తాత వెళ్లేసరికి మొక్కజొన్న కోతకొచ్చి ఉందట. దేవుడి దయ అనేది మా నాయనమ్మ. మరి చేను ఎవరు వేశారని అడిగాను. చెంప పగిలింది" అని ఓసారి నవ్వుతూ చెప్పారు.

వేసింది చెరోకీలు, ఆ కొండల్లో తరతరాలుగా ఉన్న ఆదివాసులు. వాళ్ల ఇళ్లు తగలబెట్టి, చేను ఉంచుకున్న దళంలో తన తాతా ఉన్నాడని ఆవిడే తేల్చుకున్నారు. అంతటితో వదల్లేదు. ఆ ఊరివాళ్లలో ఒక్కరి పేరైనా తెలియాలి, అదే పట్టు. చూపు మందగించాక శనివారాలు నేను డ్రైవ్ చేసేదాన్ని. ప్రింట్ తీసిన మ్యాపులు ఒళ్లో పెట్టుకుని, పాత రికార్డుల కోసం కౌంటీ కోర్టులూ పాత చర్చిలూ తిప్పించారు.

"తాత గుర్రం పేరు కూడా దొరికింది, హనీ. మనుషుల పేర్లే దొరకలేదు" అన్నారు ఒకసారి, కారు ఎక్కుతూ.

ఫ్యునరల్‌లో ఆ తమ్ముడి కొడుకు మాట్లాడటానికి లేచాడు. అత్త జీవితమంతా మూలపురుషుడి వీరగాథ కోసం వెతికిందట. ఆయన ఖాళీ అడవిలోకి వస్తే, దేవుడు పండిన చేను చూపించాడట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన చెయ్యి పట్టుకుని, "ప్లీజ్, ఇక్కడ సీన్ చేయకు" అని గొణిగారు.

చేశాను. అంతా అయ్యాక కాఫీ దగ్గర అతన్ని ఆపి, "మీ అత్త వెతికింది చేను వేసినవాళ్ల కోసం. మీకు తెలుసు కదా?" అని అడిగాను.

"చివర్లో అత్త కొంచెం కన్‌ఫ్యూజ్ అయ్యేది" అన్నాడు నవ్వుతూ, ఎంతో మర్యాదగా.

కన్‌ఫ్యూజా? పోయే ముందు శనివారం కూడా తప్పు ఎగ్జిట్ తీసుకున్నానని నన్ను కడిగేసిన మనిషి! పోయినవాళ్లకి మతి లేదనడం ఎంత సుఖం, తిరిగి తిట్టరుగా. ఆ నవ్వుమొహం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మహాలయ అమావాస్యనాడు మామగారు వెనక డెక్ మీద తర్పణాలు వదిలారు. మావాళ్లందరూ అయ్యాక ఆవిడ పేరు చెప్పి, గోత్రం తెలియనివాళ్లకి చెప్పే కాశ్యప గోత్రం చెప్పి, నీళ్లు వదిలారు.

"ఇంకెవరికైనా వదలాలా అమ్మాయ్?"

"ఆవిడ వెతికినవాళ్లకి, మామయ్యగారూ."

"అలాగే. గోత్రం సంగతి నేను చూసుకుంటాను. పేరు చెప్పు."

నోరు తెరిచాను. ఆయన అరచేతిలో నువ్వులూ నీళ్లూ పట్టుకుని, నావైపే చూస్తూ కూర్చున్నారు.