బావ సమాధి దాకా వచ్చిన మంజీర

మా బావను చేను చివర, మంజీర ఒడ్డునే సమాధి చేశాం. అప్పుడు ఏరు చాలా దూరంగా ఉండేది. ఏటా వానాకాలంలో కొంచెం కొంచెం కోసుకుంటూ దగ్గరికొచ్చింది. "సమాధి బాయికాడికి మార్చాలె తమ్ముడూ, నువ్వు రావాలె" అని అక్క కబురు పెట్టింది. వెంటనే వస్తానంటే వద్దంది. పోయినవాళ్లను కదిలిస్తే పెత్తరమాస నాడే కదిలించాలట. పెద్దలకు అన్నం పెట్టుకునే రోజు కదా, సరేనన్నాను.

పెత్తరమాస పొద్దున పటాన్‌చెరులో రాత్రి షిఫ్టు దిగి, మందుల ఫ్యాక్టరీ వాసనతోనే సంగారెడ్డి బస్సెక్కాను. కళ్లు మండుతున్నాయి. సంగారెడ్డిలో ఒక చాయ్ తాగి, జోగిపేట బస్సు పట్టుకుని మంజీర వంతెనకు ముందే దిగాను. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో, మనిషికి పది రూపాయలు. నిండితే తప్ప కదలదు.

"పండుగ పూట ఫ్యాక్టరీ డ్రెస్సేంది సార్?" అన్నాడు డ్రైవర్.

"డ్యూటీ దిగి సీదా వస్తున్న. అక్కోళ్ల ఇంటికి."

"ఏటికి నిన్న మస్తు నీళ్లొచ్చినయ్. ఒడ్డుకు పోతే జెర పైలం."

అక్క అప్పటికే వండి, గిన్నెలో అన్నం, గారెలు సర్దిపెట్టింది. గడ్డపార నా భుజాన వేసుకుని చేనుకు నడిచాం. అక్కడ ఏరు వంపు తిరుగుతుంది. వంపు బయటి పక్క మా చేను. నీళ్ల వడి అంతా ఇటే కొడుతుంది. ముందు కింది మట్టిని తొలుస్తుంది, తరువాత పైనున్న గడ్డ దానంతటదే కూలుతుంది. మేం చూస్తుండగానే ఒక పెద్ద పెళ్ల దబ్బున పడి ఎర్రటి నీళ్లలో కలిసిపోయింది.

సమాధి లేదు. రాయి లేదు, పక్కన అక్క పెట్టిన బంతిచెట్లు లేవు. రాత్రే పోయినట్టుంది.

అక్క గిన్నె పట్టుకుని నిలబడింది. అంత అలసటలోనూ నాకు ఏడుపొచ్చింది. గడ్డపార కింద పడేసి కూర్చున్నాను.

"ఈ అన్నం ఏడ పెట్టాలె ఇగ?" అంది అక్క.

కొంచెం కిందికి ఏరు ఇంకో వంపు తిరుగుతుంది. అక్కడ మా వైపు ఒడ్డు లోపలి పక్కకు వస్తుంది. నీళ్లు నెమ్మదిస్తాయి, మోసుకొచ్చిన మట్టిలో కొంత అక్కడే దించేస్తాయి. పోయిన వేసవిలో ఎవరో అక్కడ దోసకాయలు పండించారు కూడా. అక్కను అక్కడికి తీసుకుపోయాను. కొత్త ఒండ్రు కాళ్ల కింద మెత్తగా ఉంది.

"మన చేను మట్టేనా ఇది?"

"కొంతైతే మనదే అక్కా. సన్న మట్టి ఇంకా దూరం పోతది."

అక్క విస్తరి పరిచి వడ్డించింది. "మీ బావ గంతే. ఇంటిపట్టున ఉండుమంటే ఏనాడన్న ఉన్నడా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇన్నేళ్లూ ఏరు మా చేనును తినేస్తోందని తిట్టుకున్నాను. తిన్నదాంట్లో కొంత కింది వంపులో పెడుతోందని ఆ రోజే కళ్లారా చూశాను. అయినా మనసు తేలికపడలేదు. మీరు మంజీర వంపులు చూడటానికి వెళితే, కోసుకుపోతున్న ఒడ్డు అంచున మాత్రం నిలబడకండి. పైన గట్టిగానే కనిపిస్తుంది, కింద ఏమీ ఉండదు.

ఆటో ఎక్కేటప్పుడు అక్క అడిగింది, "మల్ల పెత్తరమాసకు వస్తవా?"

"వస్త. ఏడికి రావాలె?"

"ముందుగాల ఇంటికి రా. ఆడ్నించి మీ బావ ఏడున్నడో చూసుకుంట పోదాం."